మూడు మంగళవారాల సూది

ఆసుపత్రి కౌన్సిలర్ శోభారాణి తన గది తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు. ఊరికే దగ్గరికి వేసింది. అక్షత ఆ తలుపు వైపే చూసింది.

బయట వరండాలో గర్భిణుల వరుస గోడ మలుపు దాకా ఉంది. అందరినీ పేరు పెట్టి పిలిచి, చీటీ చేతికిచ్చి పంపేస్తున్నారు. అక్షతను మాత్రం నర్సు వచ్చి భుజం తట్టి, ముందున్న పదిమందినీ దాటించి లోపలికి తెచ్చింది. ఎందుకో చెప్పలేదు.

శోభారాణి రిపోర్టు కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ మాట్లాడింది.

"భయపడకమ్మా. హెచ్ఐవి లేదు, అది ముందుగాల చెప్తున్న. ఇంకోటి వచ్చింది. సిఫిలిస్ అంటరు. మందున్న రోగమే."

అక్షత ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఎలా వస్తుందని అడిగింది. శోభారాణి చెప్పింది. తువ్వాలుతో రాదు, ఎంగిలి గ్లాసుతో రాదు, బస్టాండు మరుగుదొడ్డితో రాదు. అక్షత మనసులో ఒక్కొక్కటే వెతుక్కుంటున్నవన్నీ ఆమే ముందుగా చెప్పి కొట్టేసింది. చివరికి మిగిలింది ఒక్కటే దారి. గొంతు మార్చకుండా, ఈ మధ్య మీ ఆయన ఎటన్నా పోయి వచ్చాడా అని అడిగింది.

వెళ్లి వచ్చాడు. డిసెంబరు మొదటి వారంలో బ్యాంకాక్ వెళ్లాడు. పురుగుమందుల కంపెనీ ఒకటి టార్గెట్ కొట్టిన డీలర్లను పన్నెండు మందిని అయిదు రోజులు తిప్పుకొచ్చింది. వాళ్లలో రాజశేఖర్ ఒకడు. ఏనుగు తొండం పట్టుకుని దిగిన ఫోటోకు ఫ్రేము కట్టించి దుకాణంలో తగిలించాడు. ఆ టూరుకు భార్యలను పిలవరు. పిలవమని ఏ డీలరూ అడగడు.

"కంపెనీ టూర్‌కు పోయిన్రు," అంది అక్షత. మళ్లీ అంది. "అందరితోటే పోయిన్రు."

రెండో మాట ఎవరిని కాపాడటానికి అన్నదో తనకే తెలియలేదు. శోభారాణి ఆ మాట పట్టించుకోనట్టే కడుపు సంగతికి వచ్చింది. ఇప్పుడు నాలుగో నెల. మందు పడకపోతే కడుపు నిలవకపోవచ్చు. నిలిచినా బిడ్డ చచ్చి పుట్టొచ్చు, రోగంతో పుట్టొచ్చు. ఇప్పుడే పడితే బిడ్డను కాపాడుకోవచ్చు. వారానికొకసారి, మూడు మంగళవారాలు సూది వేయించుకోవాలి. ఒక్క వారం కూడా తప్పకూడదు. ఆయన కూడా వచ్చి రక్తం ఇవ్వాలి, మందు తీసుకోవాలి. లేకపోతే నయమైన రోగం మళ్లీ అంటుకుంటుంది.

అక్షత చీర అంచును వేలికి చుట్టి విప్పింది. "ఆయన శివమాలలున్నరు. శివరాత్రికి శ్రీశైలం పోవాలె. ఇంకా పందొమ్మిది దినాలుంది. మాలలుండంగ రక్తం తీస్తరా, సూది వేస్తరా?"

"మాలలున్నోళ్లకు షుగర్ పరీక్ష రోజు నేనే చేపిస్త," అంది శోభారాణి. "ఏ దేవుడూ వద్దన్లే. సరే, ఆయన సంగతి నువ్వు ఆలోచించుకో. నీ సూది మాత్రం ఈ దినమే."

మొదట ముంజేతి మీద చుక్కంత మందు ఎక్కించి, చుట్టూ బాల్ పెన్నుతో గుండ్రంగా గీశారు. మందు ఒంటికి పడుతుందో లేదో అరగంట చూశారు. ఎర్రబడలేదు. ఆ తర్వాత పాలలా తెల్లగా, చిక్కగా ఉన్న మందును రెండు పక్కలా నడుము కింద ఎక్కించారు. లోపలికి దిగుతున్నంతసేపూ సీసం పోస్తున్నట్టనిపించింది. బయటికొచ్చి ఆటో ఎక్కబోతే కాలు పైకి లేవలేదు. ఆటోవాడు ముందు సీటు కడ్డీ పట్టుకోమని చెప్పి, తల తిప్పుకుని ఎదురుచూశాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్త మహాదేవమ్మ ఎందుకంత ఆలస్యమైందని అడిగింది. రక్తం తక్కువుందన్నారని, మూడు వారాలు సూదులు వేస్తామన్నారని అక్షత చెప్పింది. పెళ్లైన రెండేళ్లలో అత్తతో ఆడిన మొదటి పెద్ద అబద్ధం అదే. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆశ్చర్యపోయింది. మహాదేవమ్మ నమ్మింది. తన కాలంలో బెల్లం, పల్లీలు తిని ఆరుగురిని కన్నానని చెబుతూ వంటింట్లోకి వెళ్లింది.

హాల్లో తూర్పు మూల రాజశేఖర్ చాప పరిచి ఉంది. పక్కన అతని కంచం, గ్లాసు, వేరే చెంబు. జనవరి మొదటి సోమవారం ఝరాసంగం గుడిలో మాల వేసుకుని వచ్చినప్పటి నుంచి అవి ఎవరూ ముట్టరు. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు, కాళ్లకు చెప్పుల్లేవు. మొదటి రోజు అతను ఇంట్లోకి రాగానే మహాదేవమ్మ కొడుకు కాళ్లకు మొక్కింది. ఏ మొక్కూ లేకుండా, ఎవరూ చెప్పకుండా తనంతట తాను దీక్ష పట్టాడని వీధిలో నలుగురికీ చెప్పుకుంది. పుట్టబోయే బిడ్డ కోసమే పట్టాడని అందరూ అన్నారు.

ఆ రోజే అతను అక్షతను మొదటిసారి "మాతా" అని పిలిచాడు. మాలలో ఉన్నవాళ్లు ఏ ఆడమనిషినైనా అలాగే పిలవాలి. అక్షతకు నవ్వొచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అతను నవ్వలేదు.

బుధవారం, గురువారం ఆమె ఒక్క మాటనే నోట్లో తిప్పుకుంటూ గడిపింది. గదిలో మంచం మీద ఒంటరిగా పడుకుని, గోడ అవతల చాప మీద అతను దగ్గితే వినేది. వింతేమిటంటే ఆమెకు కోపం కంటే జాలి ఎక్కువగా ఉంది. పాపం, ఆయనకు తెలియదు. ఒంట్లో రోగం పెట్టుకుని తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకుంటున్నాడు. ఈ మాట చెబితే దీక్షలో కుప్పకూలిపోతాడు. ఎలా చెప్పాలి? శివరాత్రి వరకు ఆగితే? తన సూదులు ఎలాగూ పడుతున్నాయి. ఇద్దరి మధ్యా గోడ ఎలాగూ ఉంది. పందొమ్మిది రోజుల్లో మునిగిపోయేదేముంది? గురువారం సాయంత్రం దాకా అదే నిశ్చయం. కాని శుక్రవారం పొద్దున అతను మెట్టు దిగుతూ గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. కాలు జారిందో, కళ్లు తిరిగాయో. ఆమె చేతిలోని గిన్నె అక్కడే పెట్టేసింది. ఇంట్లో చెబితే అత్త చెవిన పడుతుంది. దుకాణానికే పోవాలి.

సుభాష్‌గంజ్ బజారు వెనక సందులో ఉంది దుకాణం. అక్షత వెళ్లేసరికి న్యాల్‌కల్ నుంచి వచ్చిన మల్లప్ప అనే రైతు కౌంటర్ మీద ప్లాస్టిక్ సంచి విప్పుతున్నాడు. అందులో ఆలుగడ్డ ఆకులు. అంచులు మాడి నల్లబడ్డాయి. రాజశేఖర్ ఆమెను చూసి స్టూలు వైపు తల ఊపాడు. ఒక ఆకు తీసి వెలుతురుకు పట్టి, తిరగేసి, అడుగున తెల్లగా పట్టిన బూజును గోటితో గీకాడు. ఈ పనిలో అతనికి జిల్లాలోనే పేరుంది. ఆకు చూసి అబద్ధం చెప్పడు, అక్కర్లేని మందు అంటగట్టడు.

"ఆకుమాడు తెగులు. ఎన్ని దినాలాయె?"

"నాలుగొద్దులు, స్వామీ."

"పక్క చేను ఎవరిది?"

"మా తమ్మునిదే."

"వానికి చెప్పినవా?"

మల్లప్ప తలపాగా సర్దుకున్నాడు. తమ్ముడికీ తనకూ గట్టు కాడ గొడవై రెండేళ్లుగా మాటల్లేవన్నాడు.

"మీకు మాటల్లేకుంటె తెగులు ఆగుతదా?" అన్నాడు రాజశేఖర్. "నువ్వొక్కనివి కొట్టుకుంటె ఏం ఫాయిదా లేదు. నీ చేన్ల పోతది, వాని చేన్ల నుంచి మళ్ల వస్తది. ఇద్దరు ఒక్కనాడే కొట్టాలె. పొయ్యి చెప్పు ముందుగాల."

మల్లప్ప మందు డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. అక్షత స్టూలు మీదే కూర్చుని, కౌంటర్ మీద రాలిన నల్లటి ఆకుపొడి వైపు చూస్తూ, మూడు రోజులుగా కూడబెట్టుకున్న మాట చెప్పింది. రక్తంలో ఒకటి వచ్చిందని, పేరు ఇదని, సూదులు మొదలుపెట్టారని, మీరు కూడా చూపించుకోవాలని. అతను కూలిపోతే పట్టుకోవడానికి సగం లేచింది.

అతను కూలిపోలేదు. గుడ్డముక్క తీసుకుని కౌంటర్ తుడిచాడు.

"ఎవరెవరికి తెల్సింది?"

"దవాఖానల మేడమ్‌కు. ఇంకెవరికి తెల్వదు."

"అమ్మకు?"

"రక్తం సూదులని చెప్పిన."

అతను గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలో ఉన్నది భయం కాదని, ఏదో బరువు దిగినట్టుందని ఆమె గమనించింది.

"నాకైపోయింది," అన్నాడు. "సూది వేసుకున్న. మాల వేసుకునే ముందే, బీదర్‌ల."

అక్షతకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్లీ స్టూలు మీద సరిగా కూర్చుంది. అతను ఇక ఆగకుండా చెప్పుకుపోయాడు, ఎప్పటి నుంచో ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నవాడిలా. డిసెంబరు చివర చిన్న పుండు కనిపించింది. నొప్పి లేదు, మంట లేదు. దానంతటదే మానుతుందనుకున్నాడు. అదే టూరుకు వచ్చిన కోహీర్ డీలర్ జగదీశ్‌కు కూడా కనిపించింది. ఇక్కడైతే అందరూ తెలిసినవాళ్లు, అందుకని ఇద్దరూ ఒకే బండి మీద బీదర్ పోయి డాక్టరుకు చూపించుకున్నారు. పది పదిహేను రోజులు ఇంటి మనిషి దగ్గరికి పోవద్దన్నాడు. ఏ సాకు చెప్పాలో తోచలేదు. మాల అన్న ఆలోచన జగదీశ్‌దే. అతనూ మాలలోనే ఉన్నాడు.

"నీ కోసమే వేసుకున్న," అన్నాడు రాజశేఖర్. "నీ దగ్గరికి రావద్దని."

"అప్పటికే వచ్చిన్రు గద."

అతను మడిచిన గుడ్డను మళ్లీ విప్పాడు.

"భార్యకు చెప్పమని డాక్టర్ చెప్పలేదా?"

ఏనుగు ఫోటో కింద నిలబడి, తుడిచేసిన కౌంటర్ మీద ఇంకా ఆకుపొడి ఉందేమోనని వెతికాడు.

"చెప్పిండు. నీకు పైకేం కనవడలే గద. కనవడితె చెప్దామనుకున్న. కడుపుతోటి ఉన్నవు, పరేషాన్ అయితవని..."

అక్షత కడుపు మీద చెయ్యి వేసుకోలేదు. వేసుకుంటే ఏడుపు వస్తుందని తెలుసు. జనవరి మొదటి సోమవారం నుంచి మొన్నటి మంగళవారం దాకా వేళ్ల మీద లెక్క పెట్టింది. ఇరవై రెండు రోజులు. ఇరవై రెండు రోజులు అతను తన ఒంటిని బాగుచేసుకుని, శుభ్రంగా స్నానం చేసి, వీధి వీధంతా మొక్కుతుంటే నిలబడ్డాడు. లోపల గదిలో ఆమె, ఆమె లోపల బిడ్డ, రోగంతో పడుకున్నారు.

"జగదీశన్న తన భార్యకు చెప్పిండా, మమతకు?"

"వానింటి సంగతి వానిది. నువ్వు నడుమ రాకు. ఎల్లుండి మనింట్ల భిక్ష ఉంది, వాళ్లొస్తున్నరు. అమ్మకు ఏం తెల్వనీయకు."

మల్లప్ప గుమ్మం దగ్గర మళ్లీ కనిపించాడు. ఎన్ని నీళ్లలో ఎంత మందు కలపాలో మరిచిపోయాడట. రాజశేఖర్ వెంటనే నిటారుగా నిలబడ్డాడు.

"మాతా, ఇంటికి పో. ఎండెక్కుతున్నది," అన్నాడు మెత్తగా.

ఆదివారం మధ్యాహ్నం భిక్షకు పదకొండు మంది స్వాములు వచ్చారు. హాల్లో పొడవుగా చాపలు పరిచారు. గుమ్మం దగ్గర పళ్లెం పెట్టి, ఇంటి కోడలు ఒక్కొక్కరి కాళ్లు కడగాలి. మహాదేవమ్మ చెంబు అందిస్తే అక్షత నీళ్లు పోసింది. నడుము ఇంకా నొప్పిగానే ఉంది. వంగి లేచినప్పుడల్లా పళ్లు బిగబట్టింది. నాలుగో జత కాళ్లు జగదీశ్‌వి. అతను పైనుంచి దీవించాడు. చివరివి రాజశేఖర్‌వి. నీళ్లు పోసి, తుడిచింది. కడిగిన నీళ్లు తల మీద చల్లుకోవడం ఒక్కటి చేయలేదు. మహాదేవమ్మ చూసింది గాని, జనంలో ఏమీ అనలేదు.

జగదీశ్ భార్య మమత వడ్డనకు సాయంగా వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఏడాది నిండని ఆడపిల్లను చంకనేసుకునే పూర్ణం బూరెలు వడ్డించింది. నవ్వు మొహం. దీక్ష పట్టినప్పటి నుంచి వాళ్లాయన మందు ముట్టలేదని, గట్టిగా ఒక్క మాట కూడా అనలేదని, ఈ నలభై ఒక్క రోజులు ఇంకా పొడిగిస్తే బాగుండునని వంటింట్లో చెబుతుంటే మిగతా ఆడవాళ్లు పకపకా నవ్వారు. అక్షత కూడా నవ్వినట్టు పెదవులు కదిపింది.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఈ పూట భిక్ష సాఫీగా జరిగిపోతుంది. శివరాత్రికి అందరూ శ్రీశైలం పోయి మాల విప్పుతారు. మమతకు మళ్లీ కడుపు వస్తుంది. ఏదో ఒక నెలలో అది జారిపోతుంది. ఎవరి ఖర్మమో అనుకుంటారు.

స్వాములు తిని లేచాక, పెరట్లో గిన్నెల దగ్గర మమత పిల్లకు పాలిస్తూ కూర్చుంది. అక్షత నల్లా తిప్పింది. నీళ్ల చప్పుడులో, గిన్నె తోముతూనే చెప్పింది. తనకేం వచ్చిందో, ఎక్కడి నుంచి వచ్చిందో, బీదర్‌కు ఎవరెవరు ఒకే బండి మీద పోయారో. సూదితో పోతుందని, మంగళవారం తను పోతున్నానని, ఒక్కసారి రక్తం చూపించుకోమని.

మమత పిల్లను భుజానికెత్తుకుంది. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోవడానికి దానికి కాస్త టైం పట్టింది.

"మీ ఆయన అట్లాంటోడైతె మా ఆయన గూడ అట్లాంటోడేనా?" అంది. "మాలలున్న మనిషి మీద ఎట్ల వస్తదక్కా నీకు నోరు? నువ్వెవరి దగ్గర తెచ్చుకున్నవో, దాన్ని వీళ్ల నెత్తిన రుద్దుతున్నవేమో, ఎవరికెరుక?"

అక్షత చేతిలో గిన్నె అలాగే ఉంది. ఈ మాట ఎప్పుడో ఒకరు అంటారని మంగళవారం నుంచే ఎదురుచూస్తోంది. అత్త అంటుందనుకుంది. మొగుడు అంటాడనుకుంది. మమత అంటుందనుకోలేదు. నల్లా కట్టేసింది. అయిదు నిమిషాల్లో కోహీర్ వాళ్ల కారు వీధిలో నుంచి కదిలిపోయింది.

సోమవారం పొద్దున రాజశేఖర్ పూజ ముగించి, చాప మీద కూర్చుని, తల్లి వింటుండగానే అడిగాడు. కోహీర్ వాళ్ల కోడలితో ఏం మాట్లాడావని. జగదీశ్ ఫోన్ చేసి గంటసేపు కొట్లాడాడట. భిక్షకు వచ్చిన ఇంటి ఆడదాన్ని ఏడిపించి పంపడం ఎక్కడి పద్ధతి అన్నాడట. మహాదేవమ్మ చేతిలో హారతి పళ్లెంతో నిలబడిపోయింది.

"ఏమన్నవే?" అంది కోడలితో.

అక్షత గుమ్మానికి ఆనుకుని, అత్త కళ్లలోకి చూసింది. "నా సూదులు రక్తం తక్కువై కాదు, అత్తమ్మా. ఎందుకో స్వామినడుగు. స్వామికి తెల్సు."

మహాదేవమ్మ కొడుకు వైపు తిరిగింది. రాజశేఖర్ తలెత్తలేదు. రుద్రాక్షపూసను రెండు వేళ్ల మధ్య ఒత్తుతున్నాడు. ఒక పూస, ఇంకో పూస. పళ్లెంలో కర్పూరం పూర్తిగా కాలిపోయేదాకా ఆమె అలాగే నిలబడింది. ఒక్క మాట అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని ఆమెకు తెలిసిపోయింది. నల్లబడ్డ పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజంతా ఆ ఇంట్లో ముగ్గురూ మూడు వేళల్లో తిన్నారు.

మంగళవారం అక్షత ఒక్కతే ఆటో మాట్లాడుకుంది. శోభారాణి గది పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని, ముంజేతి మీద కొత్తగా గీసిన గుండ్రటి గీతను చూసుకుంటూ అరగంట గడవాలని ఎదురుచూస్తోంది. వరుసలో ఒకరికి తోడు అమ్మ వచ్చింది, ఇంకొకరికి ఆడబిడ్డ వచ్చింది. టిఫిను డబ్బాలు విప్పుతున్నారు. ఈ సూది, ఆపైన ఇంకొక్కటి. బిడ్డ దక్కుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు.

పదకొండు దాటాక బెంచీ అవతలి కొసన ఎవరో కూర్చున్నారు. అక్షత తల తిప్పింది.

మమత. చంకలో పిల్ల నిద్రపోతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కోహీర్ బస్సు దిగి ఎప్పుడో వచ్చినట్టుంది. రక్తం తీసిన చోట అంటించిన దూది ఎండిపోయింది. దానికి కాస్త కింద, ముంజేతి మీద బాల్ పెన్నుతో గీసిన గుండ్రటి గీత.

ఇద్దరి మధ్యా ఇద్దరు కూర్చునేంత చోటుంది. మమత ఇటు చూడలేదు. అక్షత కూడా పలకరించలేదు. వరండాలో పేర్లు పిలుస్తూనే ఉన్నారు. పిల్ల నిద్రలో పెదవులు చప్పరించింది.

నర్సు వచ్చి మమత భుజం తట్టింది. మమత లేచి నిలబడింది. పిల్లను ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. నాలుగడుగులు వేసి అక్షత ముందుకొచ్చి ఆగింది.

"జర పట్టుకో, అక్కా."

అక్షత చేతులు చాపింది. పిల్ల బరువుగా, వెచ్చగా ఒళ్లోకి జారింది. మమత కొంగు సర్దుకుంది.

"రెండు దిక్కులు వేస్తరా?"

"రెండు దిక్కులు. కాలు గుంజుతది. ఊపిరి బిగవట్టకు."

మమత తల ఊపింది. "మొన్న నేనన్నది..."

"పో," అంది అక్షత. "పిలుస్తున్నరు."

మమత లోపలికి వెళ్లింది. అక్షత బెంచీ మీద కాస్త పక్కకు జరిగి, వచ్చాక కూర్చోవడానికి చోటు చేసింది. ఎండ పిల్ల మొహం మీద పడకుండా కొంగు అడ్డం పెట్టింది.